అరుగు ముచ్చట్లు: కానరాని గోడలు



క్రిందటి నెల ఈ పుటలో పెండ్లిభోజనాలలో జరిగే వృథాను గురించి వ్రాశాము. ఈ నెల కూడా పెండ్లితోనే మొదలుపెడుతున్నాము. కాని ఈమారు సంగతి విస్తళ్ళ దగ్గర ఆగేది కాదు, ఆకాశం దాకా పోయేది. కాస్త ఓపికతో మావెంట రావలెనని మనవి.

మా పెద్దక్కయ్య కూతురి పెండ్లి బెంగుళూరుకు ఉత్తరాన, యలహంక ప్రాంతంలోని ఒక కల్యాణమంటపంలో జరిగింది. మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు గనుక పందిట్లో సగం తెలుగు, సగం కన్నడం. ముందునాటి సాయంకాలం ఎదురుకోలు. మగపెండ్లివారు వాకిట్లో దిగారు, సన్నాయి అందుకున్నది, పానకం బిందెలు వచ్చాయి. అంతలో ఫోటోలు తీసే కుర్రవాడు ఒక పెట్టె తెరచి నాలుగు రెక్కల బుల్లి యంత్రాన్ని పైకి తీశాడు. దాన్ని డ్రోను అంటారని ఇప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు. అది జుంయిమని లేచి పందిరికి పైన, కొబ్బరిచెట్లకు పైన నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు కూడా మెడలు పైకెత్తి చూస్తూ పానకం త్రాగడం మరచిపోయారు. మేమూ వారిలో ఒకరమే.

పావుగంట గడవకముందే ఇద్దరు పోలీసువారు వాకిట్లోకి వచ్చి, “యారదు ఇదు?” అని అడిగారు. ఎవరిదో చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. కుర్రవాడు తనంతట తానే ముందుకు వచ్చి యంత్రాన్ని దింపాడు. ఆ ప్రక్కనే వైమానికదళం వారి స్థావరం వున్నదట. అక్కడ ఇటువంటివి ఎగురవేయరాదట. అనుమతి కాగితం వున్నదా అంటే లేదు. పాపం, కుర్రవాడి ముఖం పాలిపోయింది.

మా బావగారు ఆడపెండ్లివారి పెద్ద. కోపం వస్తే ఆపుకోలేరు. “మా మంటపంలో, మా పందిరిమీద, మా పిల్ల పెండ్లి తీసుకుంటే ఎవరికేమి నష్టమయ్యా? ఆకాశానికి కూడా గోడలు కట్టారా?” అని లేచారు. పెండ్లికి వచ్చిన మా ప్రక్కింటి మేష్టరుగారు కన్నడిగులు, శాంతపరులు. ఆయన బావగారి చేయి పట్టుకొని, “గొత్తిల్లదే మాడిదరూ తప్పు తప్పే” అన్నారు. తెలియక చేసినా తప్పు తప్పేనని భావం.

పోలీసువారు మంచివారు. యంత్రంలోని బొమ్మలన్నీ చూశారు. వరుడు, వధువు, సన్నాయివారు, పానకం బిందెలు తప్ప మరేమీ లేదు. కుర్రవాణ్ణి స్టేషనుకు తీసుకువెళ్ళి, వ్రాయించుకోవలసినది వ్రాయించుకొని, గట్టిగా మందలించి రాత్రికి పంపివేశారు. ముహూర్తానికి ఏ ఆటంకమూ కలుగలేదు. అయినా బావగారి ప్రశ్న మా మనసులో నిలిచిపోయింది. ఆకాశానికి గోడలున్నవా? ఉంటే అవి కనబడవేమి? కనబడని గోడను తగిలినవాణ్ణి ఏమి చేయాలి?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదుకుతూ పోతే మాకు ఇరవై యేండ్ల నాటి అమెరికా సంగతి ఒకటి దొరికింది.

2005వ సంవత్సరం మే నెల 11వ తేదీ. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్మోక్‌టౌన్ అనే చిన్న విమానాశ్రయం నుంచి ఇద్దరు మనుష్యులు ఒక సెస్నా 150 విమానంలో బయలుదేరారు. అది ఇద్దరు మాత్రమే కూర్చోగలిగిన, ఒకే ఇంజను గల చిన్న విమానం. నిండా బరువెక్కించినా సుమారు 725 కిలోలు. మన వీధిలో తిరిగే చాలా కార్లు దానికంటె బరువైనవి. వారిలో ఒకరు పైలటు లైసెన్సు గల పెద్దమనిషి, రెండవవారు ఇంకా నేర్చుకుంటున్నవారు. ఉత్తర కరోలినాలోని లంబర్టన్‌లో జరిగే విమాన ప్రదర్శనకు పోతున్నారు. మనవారు బండి కట్టుకొని తిరునాళ్ళకు పోయినట్లే ననుకోండి.

పటం మీద ఈ రెండు ఊళ్ళకు మధ్య తిన్నగా గీత గీసి చూస్తే అది అమెరికా రాజధాని వాషింగ్టన్ ప్రక్కగా పోతుంది. అక్కడనే వచ్చింది చిక్కు. 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరం తర్వాత ఆ నగరం చుట్టూ ఆకాశానికి కంచె వేశారు. బయట ఒక పెద్ద వలయం, లోపల మరింత కట్టుదిట్టమైన చిన్న వలయం. బయటి వలయంలోకి రావాలంటే ముందుగా దారి వ్రాసి ఇవ్వాలి, రేడియోలో మాట్లాడుతూ వుండాలి, విమానం తన గుర్తును తానే చెప్పుకొనే పరికరాన్ని వేసి వుంచాలి. లోపలి వలయంలోకి చిన్న సొంత విమానాలకు సామాన్యంగా ప్రవేశమే లేదు.

మన యాత్రికులిద్దరూ ఇవేవీ లేకుండా ఆ వలయాలలోకి పోయారు. పోతున్నామని వారికి తెలియదు. క్రింద నుంచి చూచేవారికి మాత్రం ఒక సంగతి తెలుసు. గుర్తు తెలియని విమానమొకటి రాజధాని వైపు వస్తున్నది, పిలిస్తే పలకడం లేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు అధ్యక్షుని నివాసమైన శ్వేతభవనాన్ని, శాసనసభలు కూర్చునే కాపిటల్ భవనాన్ని ఖాళీ చేయించారు. సభ్యులు, గుమాస్తాలు, చూడవచ్చిన యాత్రికులు అందరూ వీధులలోకి పరుగెత్తారు. ఉపాధ్యక్షుణ్ణి భద్రమైన చోటికి తీసుకుపోయారు. అధ్యక్షుని భార్యను, ఆ రోజు ఆమెకు అతిథిగా వచ్చిన మాజీ అధ్యక్షుడు రీగన్‌గారి భార్యను భద్రమైన గదికి చేర్చారు. అధ్యక్షుడు బుష్‌గారు మాత్రం మేరీలాండులో సైకిలు త్రొక్కుకుంటున్నారు. అంతా అయిపోయిన తర్వాతగాని ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఇంత సంరంభం జరుగుతూవుంటే ఇంటి యజమానికి తెలియకపోవడం మన ఇండ్లలో కూడా మామూలే గదా!

ఆకాశంలో ఎఫ్-16 యుద్ధవిమానాలు రెండు, ఒక బ్లాక్‌హాక్ హెలికాప్టరు లేచాయి. యుద్ధవిమానం ఎంత నెమ్మదిగా పోయినా ఈ చిన్న సెస్నా ప్రక్కన సమానంగా నడువలేదు. సెస్నా గంటకు సుమారు 200 కిలోమీటర్లు పోతే గొప్ప. ఏనుగు చీమవెంట నడువబోయినట్లు యుద్ధవిమానాలు చుట్టూ తిరుగుతూ వెలుగు గుళ్ళు వదిలాయి. చివరకు శ్వేతభవనానికి సుమారు మూడు మైళ్ళ దూరంలో సెస్నా పడమటివైపు మళ్ళింది. యుద్ధవిమానాలు దాన్ని వెంటబెట్టుకొని పోయి మేరీలాండులోని ఫ్రెడరిక్ విమానాశ్రయంలో దింపాయి. ఇద్దరినీ నేలమీద పడుకోబెట్టి సంకెళ్ళు వేశారు. ఇంకొన్ని నిమిషాలు అదే దారిన వచ్చివుంటే ఏమి జరిగేదో మేము వ్రాయనవసరం లేదు.

విచారించారు. విచారిస్తే తేలినది ఏమి? కుట్ర లేదు, కక్ష లేదు. దారి తప్పారు, అంతే. క్రిమినలు కేసు పెట్టలేదు. కాని అక్కడి విమానయాన శాఖవారు పెద్ద పైలటు లైసెన్సును రద్దు చేశారు. ఎందుకంటే ఆయన బయలుదేరే ముందు వాతావరణం సంగతి చూచుకోలేదు, పైలటుల కోసం శాఖవారు వెలువరించే ప్రకటనలు చదవలేదు. ఆ ప్రకటనలను విమానయానంలో నోటాం అంటారు. అనగా వైమానికులకు హెచ్చరిక.

చదువరులారా, మేము ఆఫీసు గుమాస్తాలము. నోటాం అన్న మాట చదువగానే మాకు మా బల్లమీది సర్క్యులర్ల దొంతర కండ్లముందు కనబడింది. ఆ కథ చివర చెబుతాము. ముందు బావగారి ప్రశ్నకు జవాబు.

ఆకాశానికి గోడలున్నవి. ఇటుకతో కట్టినవి కావు, కాగితంతో కట్టినవి. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగో నగరంలో అనేక దేశాలు కూర్చొని ఒక ఒడంబడిక చేసుకున్నవి. అందులో మొదటి సూత్రమే, తన నేలపైనున్న ఆకాశంమీద ప్రతి దేశానికీ సంపూర్ణాధికారం వున్నదని. తొమ్మిదవ సూత్రం ప్రకారం సైనికావసరం కొరకో ప్రజాక్షేమం కొరకో ఏ దేశమైనా తన ఆకాశంలో కొంత భాగాన్ని మూసివేయవచ్చును. అటువంటి భాగాలు మూడు రకాలు. మొదటిది నిషిద్ధం, అనగా ఎవరూ పోరాదు. రెండవది నియంత్రితం, కొన్ని షరతులకు లోబడి పోవచ్చును. మూడవది అపాయ ప్రాంతం, ఫిరంగుల అభ్యాసమో రాకెట్టు ప్రయోగమో జరిగే చోటు.

మన దేశంలోనూ ఇవన్నీ వున్నవి. ఢిల్లీలో రాష్ట్రపతిభవనం, పార్లమెంటు వున్న భాగంమీద విమానాలు పోరాదు. మన తెలుగునాట శ్రీహరికోటలో రాకెట్టు లేచే దినాన చుట్టుప్రక్కల ఆకాశాన్ని ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు మూసివేస్తూ ముందుగానే నోటాం వెలువరిస్తారు. టెలివిజనులో రాకెట్టు లేవడం చూచి మనం చప్పట్లు కొడతాము. దాని వెనుక ఇంత కాగితం నడిచిందని మనకు తెలియదు.

మరొక సంగతి. తిరుమల కొండమీదుగా విమానాలు పోరాదని ప్రకటించవలసిందని ఎన్నో యేండ్లుగా భక్తులు కోరుతున్నారు. 2025లో కూడా దేవస్థానం వారు ఈ విషయమై కేంద్రప్రభుత్వానికి వ్రాశారు. ఆనందనిలయం పైనుంచి ఏదీ పోరాదన్నది మన నమ్మకం. మేమూ ఆ నమ్మకం వున్నవారమే. కాని నమ్మకం వేరు, చట్టం కట్టిన గోడ వేరు. ప్రభుత్వంవారు గీత గీసి, పటంలో వేసి, లోకానికి ప్రకటిస్తేనే అది పైలటుకు గోడ అవుతుంది. అందుచేత గోడ కట్టేవారికి కూడా ఒక ధర్మం వున్నది. ఎక్కడ కట్టారో అందరికీ తెలిసేటట్లు చెప్పాలి.

ఇక మా ఫోటోల కుర్రవాడి మాట. 2021 ఆగస్టులో మన ప్రభుత్వంవారు డ్రోనులకు నిబంధనలు చేశారు. తర్వాతి నెలలో దేశమంతటికీ పటం వెలువరించి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేశారు. పచ్చలో 400 అడుగుల ఎత్తుదాకా ప్రత్యేకానుమతి అక్కరలేదు. పసుపులో విమానాల రాకపోకలను చూచే అధికారుల అనుమతి కావాలి. ఎరుపులో కేంద్రప్రభుత్వం అనుమతి లేనిదే ఎగురవేయరాదు. నిబంధనలు మీరితే లక్ష రూపాయలదాకా జరిమానా పడవచ్చును. విమానాశ్రయాల దగ్గర, సైనిక స్థావరాల దగ్గర మంటపాలు తీసుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. పురోహితునికి ముహూర్తం, వంటవానికి సామాను, మేళంవారికి బయానా అని చీటీ వ్రాసుకునేటప్పుడు, “డ్రోను పటం చూచారా?” అని ఫోటోవారిని అడగడం కూడా ఒక వరుసలో వ్రాసుకోండి. ఖర్చు లేని పని.

బాగున్నది, గోడలున్నవి. ఇప్పుడు మూడవ ప్రశ్న. కనబడని గోడను తగిలినవాణ్ణి ఏమి చేయాలి? ఇదే కష్టమైనది. దీనికి జవాబు చెప్పడానికి లోకం చాలా పెద్ద వెల ఇచ్చింది.

1983 సెప్టెంబరు 1వ తేదీన దక్షిణ కొరియావారి ప్రయాణికుల విమానమొకటి అమెరికాలోని ఆంకరేజి నుంచి సియోలుకు పోతూ దారి తప్పింది. విమానాన్ని తనంతట తానే నడిపే యంత్రం సరియైన పద్ధతికి మారకుండా వుండిపోయిందనీ, నడిపేవారు ఆ సంగతి గమనించలేదనీ తర్వాత అంతర్జాతీయ విచారణలో తేలింది. గంటల తరబడి కొంచెం కొంచెంగా ప్రక్కకు జరిగి జరిగి, అది అప్పటి సోవియట్ దేశం మూసివుంచిన ఆకాశంలోకి పోయింది. సోవియట్‌వారు దాన్ని గూఢచారి విమానమనుకున్నారు. సఖాలిన్ ద్వీపం దగ్గర యుద్ధవిమానం క్షిపణితో కూల్చివేసింది. 269 మంది పోయారు. నిద్రపోతున్న పసిపిల్లలు కూడా అందులో వున్నారు. తాము గోడ దాటామని ఆ ప్రయాణికులలో ఒక్కరికీ తెలియదు.

ఆ దుఃఖంలో నుంచి ఒక మంచి పుట్టింది. 1984 మే నెలలో దేశాలు మళ్ళీ కూర్చొని షికాగో ఒడంబడికకు ఒక క్రొత్త సూత్రం చేర్చాయి. ఆకాశంలో వున్న పౌర విమానంమీద ఆయుధం ప్రయోగించరాదు, అడ్డగించవలసి వస్తే లోపలివారి ప్రాణాలకు ముప్పు రాకుండా అడ్డగించాలి అని దాని సారం. అది 1998 అక్టోబరులో అమలులోకి వచ్చింది. అమెరికావారు తమ ఉపగ్రహాలతో దారి చూపే పద్ధతిని, అనగా నేడు మన ఫోనులలో వున్న జి.పి.ఎస్.ను, సిద్ధమైన తర్వాత పౌరులకు కూడా ఉచితంగా ఇస్తామని ప్రకటించినది ఆ సంఘటన తర్వాతనే. ఈనాడు మన పిల్లలు ఫోను చూచుకుంటూ దారి తప్పకుండా బంధువుల ఇంటికి చేరుతున్నారంటే, అందులో ఆ 269 మంది ఋణం కొంత వున్నదని మాకు తోస్తుంది.

అయితే కాపలావాడి కష్టం కూడా చూడాలి. నాలుగేండ్ల తర్వాత, 1987 మే 28న, పశ్చిమ జర్మనీ యువకుడు మథియాస్ రస్ట్ హెల్సింకీ నుంచి ఒక సెస్నా విమానంలో బయలుదేరి సోవియట్ రక్షణవలయాలన్నీ దాటి మాస్కోలో ఎర్రకూడలి ప్రక్కన దిగాడు. అప్పుడతనికి ఇరవై యేండ్లు కూడా నిండలేదు. అతడు దారి తప్పలేదు, కావాలనే వచ్చాడు. శాంతికోసం వచ్చానన్నాడు. ఈసారి ఎవరూ కూల్చలేదు. కూల్చనందుకు సోవియట్ రక్షణమంత్రి పదవి పోయింది. రస్ట్‌కు నాలుగేండ్ల శిక్ష వేసి, 1988 ఆగస్టులో విడిచిపెట్టారు.

చూచారా! 1983లో కాల్చినందుకు లోకం నిందించింది. 1987లో కాల్చనందుకు పెద్దలు పదవులు పోగొట్టుకున్నారు. గేటు దగ్గర నిలబడినవాని బ్రతుకు అటువంటిది. వచ్చేవాడు దారి తప్పినవాడా, దొంగచాటుగా వచ్చినవాడా అన్నది దూరం నుంచి తెలియదు. రాడారు తెరమీద ఇద్దరూ ఒక చుక్కే.

అందుకే విమానయానంలో ఒక మూగభాష ఏర్పాటు చేశారు. అడ్డగించవచ్చిన విమానం కొంచెం పైగా, ముందుగా, సామాన్యంగా ఎడమ ప్రక్కకు వచ్చి రెక్కలు అటూ ఇటూ ఊపుతుంది. “నిన్ను ఆపాము, నా వెంట రా” అని అర్థం. దారి తప్పినవాడు కూడా రెక్కలు ఊపి వెంటపోవాలి. ఆపినవాడు చక్రాలు దింపి విమానాశ్రయంమీద తిరిగితే “ఇక్కడ దిగు” అని. చటుక్కున పైకి లేస్తూ ప్రక్కకు మళ్ళిపోతే “నీవు పోవచ్చును” అని. నెమ్మదిగా పోయే చిన్న విమానాన్ని ఆపవలసి వస్తే, వేగంగా పోయేవాడు దాని చుట్టూ తిరుగుతూ, ప్రక్కకు వచ్చినప్పుడల్లా రెక్కలు ఊపాలి. మాటకోసం 121.5 అనే రేడియో సంఖ్య అందరికీ ఉమ్మడి. భాష తెలియకపోయినా, రేడియో చెడిపోయినా, కండ్లుంటే చాలు.

ఈ మూగభాష సారమేమని ఆలోచిస్తే మాకు ఒక్కటే తట్టింది. శిక్షించేముందు దగ్గరికి వచ్చి ముఖం చూడు అని. 2023 జూన్ 4న వాషింగ్టన్ మీదుగా మరొక సొంత విమానం పోయింది. ఎంత పిలిచినా పలుకలేదు. ఎఫ్-16లు ధ్వనివేగాన్ని మించి పరుగెత్తి చేరుకున్నాయి. దగ్గరికి పోయి చూస్తే పైలటు ఒరిగిపోయి వున్నాడు. విమానం తనంతట తాను పోతున్నది. చివరకు వర్జీనియా కొండలలో పడి నలుగురూ పోయారు. పలుకనివాడు పొగరుబోతు కానక్కరలేదు, పలుకలేనివాడు కావచ్చును. దగ్గరికి పోయి చూస్తేనేగాని ఇది తెలియదు.

2005 సంగతికి తిరిగి వస్తే, అది ముగిసిన పది దినాలకు, మే 21న, వాషింగ్టన్ చుట్టూ క్రొత్త హెచ్చరిక అమలులోకి వచ్చింది. ముందునుంచీ సిద్ధమవుతూ వున్న ఏర్పాటే అది. దారి తప్పిన పైలటు కండ్లకు తగిలేటట్లు నేలమీద నుంచి కాంతికిరణాలు వేస్తారు. ఎరుపు, ఎరుపు, పచ్చ, మళ్ళీ ఎరుపు, ఎరుపు, పచ్చ. కండ్లకు హాని చేయని వెలుగు అది. 2009 నుంచి ఆ నగరానికి 60 నాటికల్ మైళ్ళలోపల, అనగా సుమారు 110 కిలోమీటర్లలోపల, కంటిచూపుతో నడిపే పైలటులు అందరూ ఆ గోడలను గురించి ప్రత్యేకంగా ఒక పాఠం చదివి తీరాలన్నారు. అంటే అక్కడివారు దారి తప్పినవాణ్ణి శిక్షించి ఊరుకోలేదు. ఇతడు తప్పాడంటే ఇంకొకడు తప్పవచ్చునని గోడకు దీపం పెట్టారు.

ఇక మా సర్క్యులర్ కథ. చెప్పడానికి సిగ్గుగా వున్నది గాని, ఈ పుటలో మీ దగ్గర ఏనాడూ ఏదీ దాచలేదు.

కొన్నేండ్ల క్రిందట మా బల్లకు ఒక సర్క్యులర్ వచ్చింది. కుటుంబ పింఛను కోరేవారు మునుపటి కాగితాలతోపాటు మరొక పత్రం కూడా జతచేయాలని అందులో వున్నది. మేము దాన్ని చూచి, మొదటి వరుస చదివి, మూలను చిన్న సంతకం చేసి ఫైలులో కట్టాము. ఆ నెలలో అటువంటివి ముప్ఫై వచ్చివుంటవి. అన్నీ చదివితే పని ఎప్పుడు చేయడం అనుకున్నాము. ఆ తర్వాత, కాలం చేసిన మా ఆఫీసు బంట్రోతు భార్య కాగితాలు తెచ్చుకున్నది. మేము పాత పద్ధతినే అన్నీ సరిచూచి, “పదిహేను దినాలలో వచ్చేస్తుందమ్మా, నిశ్చింతగా వుండు” అని ధైర్యం చెప్పి పంపాము. మూడు నెలలు రాలేదు. ఆమె వచ్చి కిటికీ దగ్గర నిలబడి, “అయ్యా, ఏమైనా తెలిసిందా?” అని ఎంతో మర్యాదగా అడిగేది. నాలుగవ నెలలో కాగితాలు తిరిగివచ్చాయి. పత్రం ఒకటి లేదు. ఆ మూడు నెలలూ ఆమె చేతిగాజులు కుదువ పెట్టి ఇల్లు గడుపుకున్నదని తర్వాత తెలిసింది.

మా పైఅధికారి మమ్మల్ని గదికి పిలిచారు. మెమో చేతికి ఇస్తారని కాళ్ళు వణికాయి. ఆయన కుర్చీ చూపి కూర్చోమన్నారు. “ఆ సర్క్యులర్ మీరు చదివారా?” అని అడిగారు. “లేదండి” అన్నాము. అబద్ధం ఆడడానికి నోరు వచ్చింది గాని, ఆమె ముఖం అడ్డం వచ్చింది. ఆయన కొంచెంసేపు మా ముఖం చూచి, “ఈ సాయంకాలం మీరే ఆమె యింటికి పోయి, ఆ పత్రానికి కావలసినది వ్రాయించి తీసుకురండి. రేపటినుంచి వచ్చిన ప్రతి సర్క్యులర్‌లోని ముఖ్యమైన మాట మీ చేత్తో కన్నడంలో వ్రాసి బోర్డుమీద పెట్టండి” అన్నారు. అంతే. మెమో ఇవ్వలేదు. కాని ఆ సాయంకాలం ఆమె వాకిట్లో నిలబడినప్పుడు మాకు పడిన శిక్ష ఏ మెమో వేయగలిగేది కాదు. ఆమె మాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆ చేతికి గాజులు లేవు.

ఆమె పింఛను వచ్చింది. గాజులు విడిపించుకున్నదో లేదో అడగడానికి ఈనాటికీ మాకు ధైర్యం చాలలేదు. బోర్డుమీద వ్రాయడం మాత్రం మానలేదు.

అందుచేత మేష్టరుగారి మాట నిజమే. తెలియక చేసినా తప్పు తప్పే. చదువవలసిన కాగితం చదువకుండా గాలిలోకి లేచినవాడు, ఫైలులో కట్టినవాడు, తెలియదు అని తప్పించుకోలేడు. వాని తెలియనితనానికి వెల చెల్లించేది సాధారణంగా ఇంకొకరు. వీధిలో పరుగెత్తిన గుమాస్తాలు, గాజులు కుదువపెట్టిన ఇల్లాలు. కాని ఆ మాటకు రెండవ సగం కూడా వున్నది. తప్పు తప్పే అయినా, చేసినవాడు ఎవడో చూడకుండా కొట్టడం అంతకంటె పెద్ద తప్పు. గోడ కట్టినవాడు దీపం పెట్టాలి. గోడ దాటినవాణ్ణి దగ్గరికి వచ్చి చూడాలి. చూచిన తర్వాత శిక్ష వేయవలసివస్తే, ఇంకొకడు ఆ గోడను తగులకుండా ఉపయోగపడే శిక్ష వేయాలి.

మొన్న ఆదివారం ఉదయం మా డాబామీద కాఫీ త్రాగుతూవుంటే జక్కూరు వైపు నుంచి ఒక చిన్న విమానం లేచి తిరుగుతున్నది. అక్కడ ఎగరడం నేర్పే బడి వున్నది. ఆ ప్రక్కనే యలహంక స్థావరం, ఆ పైన దేవనహళ్ళి పెద్ద విమానాశ్రయం. ఎటు చూచినా కానరాని గోడలే. ఆ ఇరుకులో ఎవరో పిల్లవాడు గురువు ప్రక్కన కూర్చొని గుండె అదురుతూ మలుపు తిప్పుతున్నాడు. బావగారు కూడా మా ప్రక్కనే కూర్చొని చూస్తున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, “ఆ ఫోటోల కుర్రవాడికి ఇవ్వవలసిన డబ్బు ఇంకా ఇవ్వలేదు. కోపంతో ఆపివేశాను. ఇవాళ పంపిస్తాను” అన్నారు. పంపించారు. కుర్రవాడు పెండ్లి బొమ్మల పుస్తకం తెచ్చి ఇచ్చాడు. పైనుంచి తీసిన బొమ్మ ఒక్కటీ లేదు గాని, అందరి ముఖాలూ చక్కగా కనబడుతున్నవి.

వచ్చే నెల మళ్ళీ ఈ అరుగుమీదనే కలుసుకుందాము. అంతదాకా, మీ బల్లమీద చదువకుండా వుండిపోయిన కాగితం ఏదైనా వుంటే దయచేసి ఈ రాత్రికే తీసి చదువండి.